మూడు మగ్గుల నీళ్ళు

ఇంటి నుంచి,
తలుపు మూయడానికి పన్నెండు రోజుల ముందు

అక్కా,

ఫారం దీనితో పాటే పెడుతున్నాను. మూడో పేజీలో సంతకం మర్చిపోకు. ఐదో పేజీలో "ఈ సంస్థలో మీ బంధువులెవరైనా పనిచేస్తున్నారా" అని ఒక ప్రశ్న ఉంది. అక్కడ "లేరు" అని రాయి. నేను పైపుల ఫిట్టరునే కదా, పెద్ద ఉద్యోగినేం కాను. అయినా ఉన్నారని రాస్తే నీ ఫారం పక్కన పడేస్తారు. చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేదు.

నువ్వు పదే పదే అడిగావు కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను. భూమి కింద పన్నెండు షెల్టర్లు కట్టారు. ఒక్కోదానిలో పన్నెండు మంది. ఏడాది పాటు బయటికి రాకుండా ఉండాలి. రేపు నిజంగా ఉపద్రవం వస్తే జనం కింద ఎలా బతుకుతారో ముందే తెలుసుకోవడానికట. తలుపు లోపలినుంచి ఎప్పుడైనా తీయవచ్చు. కానీ ఒక్కరు తీసినా ఆ షెల్టరులో అందరికీ అక్కడితో సరి. ఏడాది నిండితే మాత్రం ఒక్కొక్కరి పేరు మీద ఇద్దరికి కింద శాశ్వతంగా చోటు రాసిస్తారు.

ఊరంతా విషపు పొగ కమ్మిన ఆ రోజు మా కవలల్లో నువ్వొకదాన్నీ నేనొకదాన్నీ చంకనేసుకుని ఎటు పరిగెత్తామో ఇప్పటికీ నాకు తెలీదు. చిన్నదానికి ఆ దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ రెండు చోట్లూ మా కవలలకే అని నువ్వు అన్నప్పుడు నీ మరదలు వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఏడ్చిన సంగతి వదినకి చెప్పొద్దంది. చెప్పేశాను.

నీ తమ్ముడు


షెల్టరు నంబరు ఏడు,
పంతొమ్మిదో రోజు

ఒరే చిన్నోడా,

బతికే ఉన్నాను. గోడలో ఒక ఇనుప డబ్బా ఉంది. దానిలో ఉత్తరం వేస్తే ఉత్తరాల గదిలో వాళ్ళు చదివి, నచ్చనిది నల్లసిరాతో కొట్టేసి, ఆ తర్వాత నీకు పంపుతారట. కాబట్టి చదివే మహాతల్లికో మహానుభావుడికో ముందుగా నమస్కారం.

ఇరవై రెండేళ్ళు వార్డులో నిలబడి కాళ్ళు అరగదీసుకున్నదాన్ని, ఇక్కడ ఏడాది కూర్చుని తినడమే పని అనుకున్నాను. కూర్చోవడం కూడా పనేనని మూడో రోజుకే తెలిసింది. రెండు గదులు, ఒక వంటమూల, ఒక స్నానాల గది. ఇనుప తలుపు దాటితే పొడుగాటి నడవా, దాని చివర బయటి తలుపు. గాలి లోపలికి తోసే పంకా ఆ నడవాలోనే ఉంది. అక్కడ నిలబడితే ఎముకలు కొరుకుతుంది. పాలు అక్కడే పెడుతున్నాం.

పన్నెండు మందిమీ పేర్లు మానేసి పనులతోనే పిలుచుకుంటున్నాం. లారీ నడిపే ఆయన ఉన్నాడు, గొంతు హారన్‌లా ఉంటుంది, మనసు మంచిది. లెక్కల టీచరమ్మ ఉంది, బిస్కెట్లు కూడా ముగ్గురికి సమంగా విరవగలదు. వాచీలు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉన్నారు, అందరం మాస్టారు అంటాం. చెవిలో చెబితే తప్ప వినబడనంత మెల్లగా మాట్లాడతారు. పనిముట్ల పెట్టె వెంట తెచ్చుకున్నారు. అందరి వాచీలూ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి ఇచ్చారు. ఆవగింజలో సగం ఉండే స్క్రూని శ్రావణంతో పట్టుకుని రంధ్రంలో పెడుతుంటే చూడాలి, మా పెద్ద డాక్టరు చేయి కూడా అంత నిలకడగా ఉండేది కాదు.

నేను సిస్టరమ్మని. జ్వరాలూ తలనొప్పులూ నా ఖాతా.

పెద్దదాన్ని గోళ్ళు కొరకొద్దని చెప్పు. చిన్నదానికి పడుకోబోయే ముందు ఆవిరి పట్టించండి.

అక్క


ఇంటి నుంచి,
ముప్పై ఆరో రోజు

అక్కా,

నీ ఉత్తరం పిల్లలకి రెండుసార్లు చదివి వినిపించాను. ముగ్గురికి సమంగా బిస్కెట్ విరవడం ఎలాగో అత్త వచ్చాక నేర్పాలట. ఈలోపు డబ్బా ఖాళీ అయింది.

నా పని బాగానే ఉంది. ఈమధ్య కొత్తగా ఇంకో బాధ్యత అప్పగించారు. పెద్ద కష్టమేమీ కాదు, వారానికోసారి ఐదు నిమిషాల పని. దాని గురించి వివరంగా రాయడానికేమీ లేదు.

నువ్వు ఒంట్లో బాగుండాలి. దాహమేసినప్పుడు తాగు. వార్డులో ఉన్నప్పటిలా పని ధ్యాసలో పడి మర్చిపోకు.

నీ తమ్ముడు


షెల్టరు నంబరు ఏడు,
డెబ్బై రెండో రోజు

చిన్నోడా,

దాహమేసినప్పుడు తాగమన్నావు. నీ నోటి చలవో ఏమో, సరిగ్గా ఆ తర్వాతే నీళ్ళు తగ్గడం మొదలైంది.

రోజూ పొద్దున్న గొట్టం నుంచి పీపాలోకి నీళ్ళు వస్తాయి. మొదట్లో పీపా నిండి పొర్లేది. ఇప్పుడు సగానికి కాస్త పైన ఆగిపోతోంది. గోడలో స్పీకరు ఉంది, దానిలో ఒకమ్మాయి గొంతు చెప్పింది: "బోరులో నీటిమట్టం తగ్గుతోంది. వినియోగాన్ని మీలో మీరే నిర్ణయించుకోండి. మీ నిర్ణయాన్ని మాకు తెలియజేయండి." ప్రకృతి తల్లి చేతిలో ఉన్నదానికి ఎవర్ని తిట్టుకుంటాం.

సమావేశం పెట్టుకున్నాం. స్నానాలు బంద్. గుడ్డ తడిపి తుడుచుకోవడమే. తాగడానికి తలా ఇంత అని టీచరమ్మ లెక్క కట్టింది. కొలిచి పోసేదెవరు అన్నప్పుడు లారీ ఆయన, "ఇంకెవరు, సిస్టరమ్మే. అన్నేళ్ళు మందు కొలిచిన చెయ్యి. చుక్క అటూ ఇటూ కాదు" అన్నాడు. అందరూ అవునన్నారు. నీకు చెప్పడానికేం, గర్వంగా అనిపించింది. పీపా మూత తాళంచెవి నా మెడలో ఉంది. ఫిల్టరు మార్చే పని కూడా నాదే.

తల దురద ఒకటే భరించలేకుండా ఉన్నాను. నా జుట్టు సంగతి నీకు తెలుసు కదా. చాపలా అట్ట కట్టింది.

అక్క


ఇంటి నుంచి,
ఎనభై మూడో రోజు

అక్కా,

కాస్త ఓర్చుకో. నీళ్ళు మళ్ళీ పెరగవచ్చు. ఇలాంటివి ఎప్పటికీ ఇలాగే ఉండవు.

నీ వంతు నువ్వు పూర్తిగా తాగు. నీ గుణం నాకు తెలుసు, ఎవరికో దగ్గొచ్చిందని నీది వాళ్ళకి పోసేస్తావు. అలా చేయకు.

పిల్లలు బాగున్నారు. ఇంతకంటే రాయడానికి ఏమీ తోచడం లేదు.

తమ్ముడు


షెల్టరు నంబరు ఏడు,
నూట మూడో రోజు

తమ్ముడికి,

ఇక్కడ ఒక దొంగతనం జరిగింది. దొంగ దొరికాడు. నువ్వు నమ్మలేవు కానీ, వాచీల మాస్టారు.

ఐదు రోజుల కిందట సాయంత్రం కొలిచేటప్పుడు మూడు మగ్గులు తక్కువయ్యాయి. ఇద్దరికి పోయడానికి చాలలేదు. టీచరమ్మ రెండుసార్లు కొలిపించింది. మధ్యాహ్నం అందరూ పక్క గదిలో వ్యాయామం చేస్తుంటే మోకాళ్ళ నొప్పని మాస్టారు ఒక్కరే ఈ గదిలో పడుకుని ఉన్నారు. ఆయన మంచం పీపా పక్కనే. మూత తాళం వేసి ఉంది కదా అని ఎవరో అన్నారు. దానికి లారీ ఆయన, "వాచీ విప్పే చేతికి ఈ తాళమెంతండీ?" అన్నాడు. ఆ మాటతో అందరి చూపూ ఆయన మీదికి వెళ్ళింది.

ఆయన "నేను తీయలేదు" అని ఒక్కసారే అన్నారు. గట్టిగా కూడా అనలేదు. తప్పు చేయనివాడు అలా ఊరుకుంటాడా?

చేతులెత్తి తీర్మానం చేశాం. ముప్పై రోజులు పీపాకి దూరంగా నడవాలో పడుకోవాలి. తిండీ నీళ్ళూ అక్కడికే అందిస్తాం. ఎవరూ మాట్లాడకూడదు. స్పీకరులో అమ్మాయి అంతా విని, "మీ నిర్ణయం నమోదైంది" అంది.

నలుగురున్న చోట ఒక కట్టుబాటు ఉండాలి. వార్డులో మందు తప్పిపోయినా ఇలాగే గట్టిగా ఉండేవాళ్ళం. నేను కూడా చేయి ఎత్తాను. ఎత్తకపోతే కొలిచే మనిషే మెత్తబడిందని నలుగురూ అనుకునేవారు. అందుకే ఎత్తాను. అది సరైన పనే.

నువ్వేమంటావో రాయి.

అక్క


ఇంటి నుంచి,
నూట పద్నాలుగో రోజు

అక్కా,

మీరంతా కలిసి తీసుకున్న నిర్ణయం కాబట్టి సరైనదే అయి ఉంటుంది. దూరంగా ఉన్నవాణ్ణి, నేనేం చెప్పగలను.

తమ్ముడు


షెల్టరు నంబరు ఏడు,
నూట నలభై ఒకటో రోజు

తమ్ముడూ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. దీన్ని చదివే వాళ్ళెవరో చదువుకోనీ. నాకు చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

ఆ మూడు మగ్గులూ తీసింది నేనే.

తల కడుక్కున్నాను. అంతే. ప్రాణం పోయే దాహమైనా కాదు, రోగికి పోయడానికైనా కాదు. గోకి గోకి నెత్తిన పుండ్లు పడ్డాయి. నా వాసన నేనే భరించలేకపోయాను. అందరూ వ్యాయామంలో ఉండగా వచ్చి తాళం తీసి, స్నానాల గదిలోకి మూడు మగ్గులు తీసుకెళ్ళాను. మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నారు, నిద్రపోతున్నారనుకున్నాను. సాయంత్రం నా వంతులోంచి సరిచేద్దామనుకున్నాను. టీచరమ్మ ముందే వచ్చి పీపాలో నీటి మట్టం గీత చూసింది. తడి జుట్టుకి గుడ్డ కట్టుకుని, ఆయన్ని అందరూ అడుగుతుంటే అక్కడే నిలబడ్డాను. నోరు తెరవడానికి ఒక్క నిమిషం ఉంది. ఆ నిమిషం దాటాక ఇక ఎప్పటికీ తెరవలేనని తెలిసింది. ఆపైన చేయి ఎత్తమన్నారు.

ముప్పై రోజులు దాటాయి. అయినా ఆయన్ని లోపలికి పిలవలేదు. నీళ్ళు ఇంకా తగ్గాయి, జనం ఇంకా బిగుసుకుపోయారు. "అక్కడే అలవాటైపోయుంటుంది" అన్నాడు లారీ ఆయన. నేను కంబళి ఇంకొకటి ఇద్దామని మాత్రం అన్నాను. అదీ మెల్లగా అన్నాను.

రోజూ ఆయనకి పళ్ళెం అందించేది నేనే. వేళ్ళ కొసలు మొదట ఎర్రబడ్డాయి, తర్వాత మైనంలా తెల్లబడి, ఇప్పుడు నల్లగా ఉన్నాయి. నిన్న చెంచా పట్టుకోలేక జారవిడిచారు. చలి వేళ్ళనేం చేస్తుందో తెలియని మనిషినైతే బాగుండేది. నాకు తెలుసు. పాఠం చెప్పగలను.

నన్ను చూసి ఆయన ఒక్కరోజు కూడా మొహం తిప్పుకోలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

అక్క


ఇంటి నుంచి,
నూట యాభై ఎనిమిదో రోజు

అక్కా,

ఇది ఉత్తరాల గది మీదుగా రావడం లేదు. మీకు సామాన్లతో పాటు కిందికి పంపే కొత్త ఫిల్టరు డబ్బాలో అట్ట కింద పెడుతున్నాను. డబ్బా విప్పేది నువ్వే కాబట్టి నీకే దొరుకుతుంది.

బోరులో నీళ్ళు తగ్గలేదు. మీ పైన ఉన్న ట్యాంకు నిండుగా ఉంది. నిండి పొర్లినవి ఒక గొట్టంలోంచి కాలవలోకి పోతున్నాయి. ఆ గొట్టం బిగించింది నేనే.

వారానికోసారి ఐదు నిమిషాల పని అని రాశాను కదా. సోమవారం సోమవారం ఒక కాగితం వస్తుంది. దానిలో ఏడో నంబరు ఎదురుగా ఒక అంకె ఉంటుంది. అంత మేర నీ వాల్వు కట్టేస్తాను. అదే నా పని.

ఒక్కో షెల్టరుకి ఒక్కో పరీక్ష. మూడో నంబరులో దీపాలు ఎప్పుడూ ఆర్పరు. ఐదులో బయట లోకం తగలబడిపోయిందని దొంగ వార్తలు వినిపిస్తారు. ఏడుకి నీళ్ళు. నువ్వు చేరిన నెలకి గానీ ఈ సంగతి నాకు తెలియదు, అది మాత్రం నిజం. తెలిశాక నాలుగు నెలలు తిప్పుతూనే ఉన్నాను, అదీ నిజమే. నేను కాకపోతే ఇంకొకడు తిప్పుతాడు అనుకున్నాను. పిల్లలకి చోటు వస్తుంది అనుకున్నాను. రేపు నిజంగా ఆపదొస్తే ఈ చదువు పదిమందికి పనికొస్తుందని పెద్దసారు అన్నదాన్ని నాలో నేను అప్పచెప్పుకున్నాను. నువ్వు దొంగ దొరికాడని రాసిన రోజున కూడా, నీళ్ళు అబద్ధమని తెలిసి కూడా, "సరైనదే అయి ఉంటుంది" అని రాశాను చూడు. ఆ వాక్యం ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

మొన్న పై అంతస్తులో మీటింగు గదిలో చల్లనీళ్ళ మిషను కారుతుంటే బాగుచేయడానికి పిలిచారు. నేను మూలన కూర్చుని నట్టు బిగిస్తున్నాను. గోడమీద తెరలో ఒక ఉత్తరం వేశారు. నీ చేతిరాత. "తల కడుక్కున్నాను. అంతే." పెద్దసారు పైకి చదివాడు. "ఏడో షెల్టరు, నాలుగో మనిషి. కొలిచే మనిషే దొంగ. మనం తొమ్మిదో నెలలో వస్తుందనుకున్నాం, నాలుగో నెలకే వచ్చేసింది" అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొకరు, వేళ్ళు పాడైన సంగతి కూడా రాసిపెట్టుకోండి, ఫొటో ఉంటే బాగుంటుంది అన్నారు. పెద్దసారు నా వైపు తిరిగి, "ఏమయ్యా ఫిట్టరూ, నీళ్ళు చల్లగా వస్తున్నాయా?" అని అడిగాడు.

"వస్తున్నాయి సార్" అన్నాను.

ఆవిడ మా అక్క అని అనలేదు. సామాన్లు సంచిలో వేసుకుని మెట్లు దిగి వచ్చేశాను. మూడో అంతస్తులో కూర్చుండిపోయాను.

తలుపు తీసి వచ్చేయండి. పిల్లలకి ఆ చోట్లు వద్దు. నీ మరదలికి అంతా చెప్పాను. అది నాతో రెండు రోజులుగా మాట్లాడటం లేదు.

నన్ను ఏమనాలనుకుంటే అది అను.

తమ్ముడు


అద్దె గది నుంచి,
బయటికి వచ్చిన తొమ్మిదో రోజు

తమ్ముడికి,

మేం బయటికి వచ్చిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. పేపర్లలో కూడా వచ్చింది. అంతా పాల్గొన్నవాళ్ళ అంగీకారంతోనే జరిగిందని కంపెనీ వాళ్ళు వాటిలో రాయించుకున్నారు. లారీ ఆయన ఊరుకోలేదు. మిగతా షెల్టర్ల మీది ఇనుప మూతలు రాయితో బాదుతూ, "బయట అంతా బాగానే ఉందర్రా, రండి" అని గొంతు పోయేదాకా అరిచాడు. నాలుగు రోజుల్లో అన్నీ ఖాళీ అయ్యాయి. ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియనివి రాస్తున్నాను.

నీ కాగితం ఫిల్టరు డబ్బాలో దొరికింది. స్నానాల గదిలో గడియ పెట్టుకుని చదివాను. ముందు నాకు నీ మీద కోపం రాలేదు. నాకొచ్చింది ఏమిటో చెప్పడానికే సిగ్గుగా ఉంది. హాయి. నీళ్ళకి కరువే లేనప్పుడు ఇక నా దొంగతనమేమిటి అనిపించింది. ఇప్పుడే వెళ్ళి అందరిముందు ఇది చదివితే జనం కోపమంతా పైకి పోతుంది, నేను కూడా వాళ్ళతో కలిసి తిట్టవచ్చు, నా సంగతి ఇక ఎవరూ తవ్వరు. కాగితం చేత్తో పట్టుకుని గడియ కూడా తీశాను.

మళ్ళీ వేశాను. నీళ్ళు ఉన్నాయో లేవో ఆ రోజు నాకు తెలియదు. లేవనుకునే తీశాను. లేవనుకునే ఆయన్ని చలిలోకి పంపాను. నీ కాగితం ముందు చదివితే నా తప్పు అందులో కొట్టుకుపోతుంది. అందుకని దాన్ని జాకెట్టులో పెట్టుకుని నడవాలోకి వెళ్ళాను.

"మాస్టారూ, మీకొక మాట చెప్పాలి" అన్నాను.

"చెప్పండి సిస్టరమ్మా. మాట విని చాలా రోజులైంది" అన్నారు.

"నీళ్ళు తీసింది నేను. తల కడుక్కున్నాను."

ఆయన చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. "తెలుసు" అన్నారు. "ఆ సాయంత్రం మీ గుడ్డ కింద నుంచి భుజం మీదికి తడి దిగింది. చూశాను."

"మరి చెప్పలేదేం?"

"కొలత మీది, తాళం మీది. నేను చెబితే నమ్మేదెవరు? తీసింది చాలక ఆడమనిషి మీద నింద కూడా వేశాడనేవాళ్ళు." నా వైపు తిరిగి, "క్షమించమనడానికి వచ్చారా?" అని అడిగారు.

అవునన్నాను.

"అయితే ఇక్కడ కాదు. నన్ను ఇక్కడికి పంపింది నలుగురిలో."

ఆయన్ని పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. నలుగురిలో చెప్పాను. లారీ ఆయన వచ్చి నా చేతిలోంచి కొలిచే మగ్గు తీసుకుని పక్కన పెట్టాడు. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. టీచరమ్మ మంచం మీద కూలబడి, "నేను లెక్క చూశానే గానీ మనిషిని చూడలేదు" అంది. ఎవరమూ ఎవరి మొహమూ చూడలేకపోయాం.

ఆ తర్వాతే నీ కాగితం తీసి చదివాను. "అక్కా" అన్న మాటలూ, నీకూ నాకూ మధ్య ఉన్న మాటలూ వదిలేసి చదివాను. ఎవరు రాశారని అడిగారు. పైన పనిచేసే ఒకాయన అన్నాను. బయటి తలుపు చక్రం తిప్పడానికి నలుగురు పట్టారు. ఎండ కళ్ళలో పడి మాస్టారు తూలితే లారీ ఆయన ఎత్తుకుని మెట్లెక్కాడు.

నువ్వు రాయకు. రాకు. ఇప్పుడే నీ మొహం చూడలేను. నాకు నా మొహం చూసుకోవడమే ఎక్కువగా ఉంది.

పిల్లల్ని అడిగానని చెప్పు.

అక్క


ఇంటి నుంచి,
మూడు నెలల తర్వాత

అక్కా,

రాయొద్దన్నావు. మూడు నెలలు ఆగాను. ఇక ఆగలేక రాస్తున్నాను. చించేసినా సరే, చదివి చించు.

మీరు బయటికి వచ్చిన రోజే నా సామాన్ల సంచి గేటు దగ్గర పెట్టేసి వచ్చాను. ఇప్పుడు కట్టే ఇళ్ళలో కుళాయిలు బిగిస్తున్నాను. వాల్వు బిగించిన ప్రతిసారీ పూర్తిగా తెరిచి, నీళ్ళు వచ్చేదాకా చూసి గానీ కదలడం లేదు. మేస్త్రీ నవ్వుతాడు. నీ మరదలు మాట్లాడుతోంది, అవసరమైనంత వరకు.

మాస్టారి దగ్గరికి వెళ్ళి చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. టీచరమ్మ స్కూలు కనుక్కుని, ఆవిడని అడిగి కొట్టు ఎక్కడో తెలుసుకున్నాను. నిన్న మధ్యాహ్నం వెళ్ళాను. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూనే వెళ్ళాను.

చెప్పుల కొట్టుకీ తాళాల కొట్టుకీ మధ్య ఉన్న చిన్న గది. గాజు బల్ల వెనక, కంటికి భూతద్దం తగిలించుకుని, శ్రావణం పట్టుకుని కూర్చుని ఉన్నది నువ్వు. ఆయన నీ వెనక నిలబడి, చేతులు జేబుల్లో పెట్టుకుని, మెల్లగా ఏదో చెబుతున్నారు. నువ్వు స్క్రూ పెడుతున్నావు. అది జారింది. మళ్ళీ తీశావు. మళ్ళీ జారింది. ఆయన విసుక్కోలేదు. మూడోసారి పడింది కాబోలు, నువ్వు తలెత్తకుండానే ఊపిరి వదిలావు.

ఆయన వేళ్ళు ఇక పనిచేయవన్నమాట. నువ్వు ఆయనకి వేళ్ళవుతున్నావన్నమాట. ఎన్నాళ్ళ నుంచో నాకు తెలియదు. నువ్వు చెప్పలేదు.

రోడ్డుకి ఇవతల అరగంట నిలబడ్డాను. మొదట నువ్వు లేచి వెళ్ళాక వెళదామనుకున్నాను. తర్వాత, నువ్వు రోజూ చేస్తున్నదాని ముందు నేను పట్టుకెళ్ళిన నాలుగు మాటలు ఎంత తేలికో తెలిసింది. లోపలికి రాలేకపోయాను. వచ్చేశాను.

తమ్ముడు


అద్దె గది నుంచి,
నీ ఉత్తరం అందిన నాలుగో రోజు

చిన్నోడా,

నువ్వు నిలబడటం మేం చూశాం.

బయటికి వచ్చిన మూడో వారం నుంచి వెళుతున్నాను. మొదట్లో ఆయన వద్దన్నారు. "జాలి పడి వస్తే ఈ పని రాదమ్మా, స్క్రూకి జాలి తెలీదు" అన్నారు. జాలి కాదు, వార్డులో ఉద్యోగం మానేశాను, రోజంతా ఖాళీ అన్నాను. బల్ల వెనక కుర్చీ చూపించారు. నన్ను క్షమించానని ఇప్పటిదాకా అనలేదు. నేను అడగలేదు. ఒక రోజు మాత్రం, పని నడుస్తుండగా, "ఆ నడవాలో నాకు చలికంటే మీరు పళ్ళెం పెట్టి వెంటనే వెళ్ళిపోవడం ఎక్కువ బాధగా ఉండేది" అన్నారు. ఆ రోజు ఒక వాచీ పాడుచేశాను. ఆయన మర్నాడు పాత వాచీ ఒకటి ఇచ్చి మొదటి నుంచి విప్పించారు.

ఇక నువ్వు వచ్చిన రోజు సంగతి. ఆయనే ముందు గమనించారు. "ఎవరమ్మా ఆయన, ఇందాకట్నుంచీ మన కొట్టు కేసే చూస్తున్నాడు?" అన్నారు. తలెత్తి చూశాను. నువ్వు చిక్కిపోయావురా. చొక్కా మెడ దగ్గర వదులైపోయింది.

"ఎవరో తెలీదండీ" అన్నాను.

అన్నాక మళ్ళీ శ్రావణం పట్టుకున్నాను గానీ ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. నువ్వు వెళ్ళిపోయావు. సాయంత్రం కొట్టు మూశాం. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. ఇంత జరిగాక, ఇన్ని నెలలు ఆయన పక్కన కూర్చున్నాక, నా నోట్లోంచి మళ్ళీ అంత సులువుగా అబద్ధం ఎలా వచ్చిందా అని. నిన్ను తమ్ముడని చెప్పుకోవడానికి సిగ్గుపడి కాదు అనుకుందామని చూశాను. కుదరలేదు. సిగ్గుపడే అన్నాను.

మర్నాడు కొట్టు తీస్తుండగానే చెప్పాను. "నిన్న నిలబడింది మా తమ్ముడండీ. నీళ్ళు కట్టేసింది వాడే. ఆ కాగితం రాసిందీ వాడే."

ఆయన అరచేతులతో షట్టరు సగం ఎత్తి అలాగే ఆగిపోయారు. "రెండూ వాడేనా?" అన్నారు.

"రెండూ వాడే."

షట్టరు పూర్తిగా పైకి తోశారు. లోపలికి వచ్చి, బల్ల తుడిచి, ఎదురుగా జనం కూర్చునే ముక్కాలిపీట కూడా తుడిచారు. "రమ్మనండి. ఇక్కడ కూర్చుని తన నోటితో చెప్పమనండి. నేను ఏమంటానో నాకే తెలీదు. మంచి మాటే అంటానని మాత్రం చెప్పకండి" అన్నారు.

బుధవారం మధ్యాహ్నం జనం ఉండరు. రా. నీ పక్కనే కూర్చుంటాను. నీ బదులు మాట్లాడను.

అక్క